వెనక వరుసలో దాలమ్మ

నమోదు 204

ఇనపమెట్ట జట్టును నిన్న ఒక్క గోలూ కొట్టనివ్వలేదు. అందుకని ఈ పొద్దున పంపు సైరను రెండో కూత దాకా కుళాయి ఆడింది. మా ఆవిడ పారమ్మ తెచ్చుకున్న బిందెలన్నీ నింపేసుకుని, ఇంకా ధార ఆగకపోతే ఏం చెయ్యాలో తోచక కాసేపు ఊరికే దోసిలి పట్టి నిలబడిందట. వరసలో ఉన్నవాళ్ళెవరూ ఆమెను తిట్టలేదు. గెలిచిన మర్నాడు మా గవ్వలపేటలో అందరూ మంచివాళ్ళే.

నా పని వెనక వరుస. మా ఊరి నీడ జట్టులో గోలుకు అడ్డంగా నిలబడే నలుగురినీ కనిపెట్టుకుని ఉండాలి. నలుగురంటే నీడలు కాదు, ఆ నీడలకు మూలమైన మనుషులు. నీడలు యంత్రంలో ఆడుకుంటాయి. వాటికి ఆకలి లేదు, మోకాళ్ళ నొప్పి లేదు. మనిషి బాగా పరిగెత్తితే నీడా పరిగెడుతుంది, మనిషి నీరసిస్తే నీడా కాళ్ళీడుస్తుంది. నెలకోసారి ఈ ఆటలు నడిపే లీగు మనిషి వచ్చి ఒక్కొక్కరినీ కుర్చీలో కూర్చోబెట్టి, తలకు పట్టీ కట్టి కొలతలు తీసుకుపోతాడు. వేగం, బలం, ట్యాకిల్, చోటు పట్టడం, ఇలా ఎన్నో గుణాలు, నూటికి ఇన్నని. మంచినీటి గొట్టం మీద ఆధారపడ్డ ఆరు ఊళ్ళకూ అదే యంత్రం, అదే కొలత. గెలిచిన ఊరికి నీళ్ళు పెరుగుతాయి, ఓడిన ఊరికి తరుగుతాయి. గొట్టం దగ్గర కత్తులతో తేల్చుకున్న రోజులకంటే ఇదే నయమని పెద్దవాళ్ళంటారు.

బంగారయ్య మా ఊరి గర్వం. ట్యాకిల్ ఎనభై ఎనిమిది. అతని నీడ ఎదుటివాడి కాళ్ళ మధ్య నుంచి బంతిని ఊడలాగుతుంటే, గోడ మీద ఆట చూపించే హాలులో జనం బెంచీలెక్కుతారు. కానీ ఈ ఎండాకాలమంతా పాత ఆటలు ముందేసుకు కూర్చుంటే నాకో సంగతి తేలింది. ట్యాకిల్ ఎక్కువున్నంత మాత్రాన గోల్స్ తగ్గడం లేదు. వేగం సంగతీ అంతే. అసలు ట్యాకిల్ చెయ్యాల్సి వచ్చిందంటేనే సగం ఆలస్యమైపోయిందని అర్థం. గోల్స్ తగ్గేది ఒకే ఒక్క గుణంతో. పట్టికలో అట్టడుగున ఉంటుంది, దాని మొహం ఎవరూ చూడరు. పేరు ఉలికిపాటు. చెడు జరగబోతోందని మనిషి ఎంత ముందుగా ఉలిక్కిపడతాడో ఆ కొలత.

వెనక వరుసలో దాలమ్మ అని ఒకామె ఉంది. సముద్రం గట్టు మీద ఇసక బస్తాలు మోస్తుంది. వేగం నలభై ఒకటి, బలం అంతకన్నా తక్కువ. ఆమె నీడ ఇంతవరకూ ఎవరి కాలికీ కాలు అడ్డం పెట్టి ఎరగదు. నింపాదిగా నడుచుకుంటూ వెళ్ళి ఒకచోట నిలబడుతుంది. కాసేపటికి బంతి అక్కడికే వస్తుంది. ఆమె ఉలికిపాటు తొంభై ఒకటి. ఆమె తర్వాతి మనిషికి ఊరు మొత్తం మీద అరవై దాటలేదు.

ఇదంతా పట్టుకుని ప్రెసిడెంటు పోలినాయుడు గారి ఇంటికి వెళ్ళాను. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"అయితే మనకి నీల్లిత్తన్నది బంగారయ్య కాడు. దాలమ్మ."

"అవునండి."

"ఎవులికీ సెప్పకు. బంగారయ్య సిన్నబుచ్చుకుంటాడు." నా భుజం మీద చెయ్యేశాడు. "మంచి పని సేసినావు, అసిరినాయుడూ."

ఇంటికొస్తుంటే ఒళ్ళంతా తేలిగ్గా ఉంది. ఇన్నేళ్ళ కొలువులో నేను కనిపెట్టిన మొదటి సంగతి అది.

నమోదు 207

కొలతకు ముందురోజు వెనక వరుస నలుగురికీ ఒక బిందె నీళ్ళు అదనంగా ఇవ్వడం రివాజు. దాలమ్మ వాటా నేనే మోసుకెళ్ళాను.

ఆమె ఇంట్లో గుమ్మానికి ఎదురుగా, గోడకు వీపు ఆనించి కూర్చుంటుంది. తిండీ అక్కడే, నిద్రా అక్కడే, నిద్ర అంటూ ఉంటే. గట్టు తెగిన ఏడు ఆమె మొగుడూ కూతురూ మధ్యాహ్నం కునుకు తీస్తుండగా సముద్రం ఇంట్లోకి వచ్చేసింది. ఈమె ఆ వేళకి మిట్ట మీద చుట్టాలింట్లో పిండి దంచుతోంది. రోకటి చప్పుడులో నీళ్ళ చప్పుడు వినపడలేదు. అప్పటినుంచి ఆమె చెవిన పడని చప్పుడంటూ లేదు.

"నిన్న నీ నీడ ఎలగాడిందో సూసినావా దాలమ్మా?"

"నాను సూడనన్నా. అది నాను కాదు గదా."

"నీలాగే ఉంటాది. నీలాగే నడుత్తాది."

"అయితే దానికీ నిద్దరుండదన్నమాట," అంది. నవ్వలేదు.

భుజం మీది బిందె దించుతుంటే చెయ్యి జారింది. జారిందని నాకు తెలిసేలోగా ఆమె రెండు చేతులూ బిందె అడుగున ఉన్నాయి. ఒక్క చుక్క కింద పడలేదు. తొంభై ఒకటి అంటే ఏమిటో నేను కంటితో చూసింది అప్పుడే.

నమోదు 215

మంచు వలలు బాగుచెయ్యడానికి మన్యం వైపు నుంచి ఒకతన్ని పిలిపించారు. పేరు గౌరీసు. కప్పుల మీద కట్టే ఆ వలలకు తెల్లారుజామున నాలుగు చుక్కల పొగమంచు పడుతుంది, అదే మాకు పైనీళ్ళు. చిరుగులుంటే అదీ దక్కదు. మనిషి సన్నగా, పొడుగ్గా ఉంటాడు. పని చేసినంతసేపూ ఏదో ఒకటి చెబుతూనే ఉంటాడు, వినేవాళ్ళు లేకపోతే వలతో చెబుతాడు.

దాలమ్మ ఇంటి వల బాగుచెయ్యడానికి అతనికి వారం పట్టింది. అంత చిన్న కప్పుకు వారమెందుకని ఊళ్ళో నవ్వుకున్నారు. తర్వాత అతను అక్కడే ఉండిపోయాడు. కుళాయి వరసలో దాలమ్మ గట్టిగా నవ్విందని పారమ్మ నాకు చెప్పింది.

"ఎందుకు నవ్విందీ?"

"ఏటో. ఆడు ఏటో అన్నాడు, ఆవిడ నవ్వింది. ఇన్నేళ్ళలో ఆవిడ పళ్ళు సూడనేదు నాను. ఎంత సక్కగున్నాయో."

నాకూ సంతోషమే అనిపించింది. ఇక్కడ అది రాసి పెడుతున్నాను, ఎందుకంటే అప్పటికి అది నిజం.

నమోదు 219

జీడిమానుపాడు మీద ఓడిపోయాం. రెండు గోల్స్.

ఆట మళ్ళీ వేసుకుని చూశాను. రెండుసార్లూ దాలమ్మ నీడ నిలబడాల్సిన చోటికే వెళ్ళింది, ఒక అడుగు ఆలస్యంగా. మొదటిసారి బంతి ఆమె మడమకు రాసుకుంటూ పోయింది. రెండోసారి ఆమె ఆగి చుట్టూ చూసింది. నీడలు ఊరికే దిక్కులు చూడటం నేనెప్పుడూ చూడలేదు. మైదానం బాగుందన్నట్టు చూసింది.

కొత్త కొలత వచ్చింది. వేగం పెరిగింది, బలం పెరిగింది, మిగతావన్నీ కూడా తలా కాస్త పెరిగాయి. ఉలికిపాటు డెబ్బై ఎనిమిది.

దాలమ్మను గట్టు మీద కలిశాను. బస్తా మూతి కడుతోంది.

"ఒంట్లో బాగుంటోందా?"

"బాగుంది. నిద్దరోతన్నానన్నా," అంది, ఏదో సిగ్గుపడే పని చేసినట్టు. "పక్కనో మనిషి గురక పెడతంటే నిద్దరొచ్చెత్తంది. ఆడు మేలుకున్నాడో నేదో సూడాలని కూడా అనిపించదు."

ఓడినప్పుడు కారణం రాసి ఊరి సంఘానికి ఇవ్వడం నా విధి. రాశాను. వెనక వరుసలో ఉలికిపాటు తగ్గడం అని రాశాను. ఎందుకు తగ్గిందన్న గడి ఒకటి ఉంటుంది. అందులో గౌరీసు పేరు రాశాను. రాయకుండా వదిలెయ్యవచ్చు. గడి ఖాళీగా ఉంటే పని సగం చేసినట్టుంటుందని రాశాను.

నమోదు 222

మళ్ళీ ఓటమి. కుళాయి మొదటి కూతకు ముందే ఆగిపోతోంది. బడిలో వంట మానేశారు. ఇంట్లో బియ్యం కడిగిన నీళ్ళతోనే గిన్నెలు కడిగి, వాటినే వడగట్టి కాళ్ళు కడుక్కుంటున్నాం. ముసలివాళ్ళ నోళ్ళు ఎండి మాట ముద్దగా వస్తోంది. నిన్న వరసలో బిందె తగిలి ఒకామె తల చిట్లింది. కొట్టిన మనిషీ, దెబ్బ తిన్న మనిషీ తోడికోడళ్ళు.

ప్రెసిడెంటు పిలిచాడు. సంఘంలో మిగతా నలుగురూ ఉన్నారు. నా కాగితం ఆయన చేతిలో ఉంది.

"దాలమ్మని తీసేసి ఇంకొకల్ని పెడితే?" అన్నాడు.

"ఆమె డెబ్బై ఎనిమిదికి పడిపోయినా, మన ఊళ్ళో ఆమే ఎక్కువండి."

"మరేటి సేద్దాం?"

నేనే అన్నాను. "గౌరీసుని కొన్నాల్లు గొట్టం మీద మొదటి పంపు కాడికి పంపితే? అక్కడా వలలు సిరిగున్నాయి. సీజను అయిపోయాక వచ్చెత్తాడు."

పోలినాయుడు గారు నన్ను చాలాసేపు చూశాడు. "ఉత్తినే దూరమైతే మనిషి ఎదురుసూత్తాది. ఎదురుసూసే మనిషి ఉలికిపడదు, అసిరినాయుడూ. ఆశ ఉంటాది గదా." తర్వాత కాగితం మడిచాడు. "సరే. నువ్వెల్లు. మిగతాది నాకొదిలెయ్యి."

ఆ మాటకు అర్థమేమిటని నేను అడగలేదు.

నమోదు 224

గౌరీసు చనిపోయాడు. మొదటి పంపుకు వెళ్ళే దారిలో ఇసక దిబ్బ విరిగి మీద పడిందట. ప్రెసిడెంటే స్వయంగా వెళ్ళి దాలమ్మకు చెప్పాడు. శవం దొరకలేదు.

పంపమన్నది నేను. అన్నం సయించలేదు. పారమ్మ ఏడ్చింది. ఊరంతా దాలమ్మ ఇంటి ముందు కూర్చుంది. ఆమె ఏడవలేదు. గుమ్మానికి ఎదురుగా, గోడకు ఆనుకుని కూర్చుని, వచ్చిన ప్రతి మనిషి చేతులూ చూస్తోంది, ఇంకేం చెడు పట్టుకొచ్చారో అన్నట్టు.

నమోదు 226

ఉలికిపాటు తొంభై మూడు. జీడిమానుపాడు మీద గెలిచాం, ఒక్క గోలూ పడలేదు. జనం ఈసారి బంగారయ్యను కాదు, దాలమ్మ నీడను చూసి ఈలలు వేశారు. ఎవరు చెప్పారో గాని, సంగతి ఊళ్ళో పాకినట్టుంది.

దాలమ్మ హాలుకు రాలేదు. గట్టు పని అయ్యాక ఇసక దిబ్బ దగ్గరికి వెళ్ళి తవ్వుతోందట.

నమోదు 230

పంపు జల్లెడలు కడిగే వంతు మా ఊరిది. ఈసారి నేనూ బండెక్కి వెళ్ళాను. దారిలో దాలమ్మ తవ్విన గుంటలు కనిపించాయి, దిబ్బ పొడుగునా. తవ్విన చోటు గాలికి పూడిపోతుంటే పక్కన మరోటి తవ్వింది.

మొదటి పంపు దగ్గర గోతిలో నాచు గీకి, నేనొక్కణ్ణే పైకెక్కి ఊపిరి పీల్చుకుంటుంటే వల స్తంభం మీద ఒక మనిషి. సన్నగా, పొడుగ్గా. వలతో మాట్లాడటం లేదు, నోరు మూసుకుని కుడుతున్నాడు.

గౌరీసు నన్ను చూసి దిగి వచ్చాడు, మొహం పక్కకు పెట్టుకుని.

"ఆవిడ బాగుందా?" అన్నాడు.

నేను గోతివైపు ఒకసారి చూశాను.

"పెసిడెంటు సెప్పినాడు. నానంటే ఆవిడకి ఇసుగొచ్చినాదంట. మొగుడూ కూతురూ గుర్తుకొత్తన్నారంట. మొహం సూపించొద్దన్నాదంట." దారపు ఉండ చేతిలో తిప్పుకుంటున్నాడు. "అనుంటే నాతోనే అనొచ్చు గదా. మరి అననేదు."

ఇది అబద్ధమని ఒక్క మాటంటే చాలు. మా బండి ఎక్కించుకుని సాయంత్రానికి ఊళ్ళో దించేవాణ్ణి. నా వెనక, కింద గోతిలో మా ఊరివాళ్ళు ఇదేం తెలియక జల్లెడలు కడుగుతూ నవ్వుకుంటున్నారు. ఆ రోజు పారమ్మ తలంటుకుని ఎండలో జుట్టు ఆరబెట్టుకోవడం చూసి వచ్చాను. అది ఆమె ఎప్పుడో మరిచిపోయిన పని.

"బాగానే ఉంది," అన్నాను.

నమోదు 231

ప్రెసిడెంటు దగ్గరికి వెళ్ళాను. తలుపు వేసి అడిగాను. ఆయన దాచలేదు.

"నాను ఆవిడ్ని కొట్నానేటి? తిట్నానేటి? ఆడికో మాట సెప్పినాను, ఆవిడకో మాట సెప్పినాను. రెండు మాటలకి ఊరు ఊరంతా తాగతంది."

"ఆవిడ ఇసక తవ్వుతోందండి."

"తెల్సు." ఆయన కళ్ళు తిప్పుకోలేదు. "మా అప్ప నోరెండి సచ్చిపోనాది, ఆ పాత గొడవల్లో. తడిగుడ్డ పిండి పెదాల మీద పెట్నాను. నాను పెసిడెంటుగా ఉండగా ఈ ఊళ్ళో ఇంకెవులూ అలగ పోకూడదు. ఒక మనిషి ఏడిస్తే సరిపోతాదంటే ఆ ఒక మనిషిని నానే ఏడిపిత్తాను. పాపం నాది." లేచి తలుపు తీశాడు. "ఉలికిపాటు గావాలని కనిపెట్టినోడివి నువ్వు. అదెక్కడ దొరుకుద్దో నాను కనిపెట్నాను. ఇద్దరం ఒకే పని సేసినాం."

నేను బయటికి వచ్చాను. ఆయన మాటలో తప్పెక్కడుందో దారంతా వెతికాను. నాకు దొరికిన తప్పులన్నీ నావే.

నమోదు 238

మూడు ఆటలు గెలిచాం. మూడింటిలోనూ నోరు మూసుకున్నాను.

ఈ మధ్య కుళాయి దగ్గర ఆడవాళ్ళు దాలమ్మకు దారి ఇస్తున్నారట. ఆమె బిందె ముందు నింపుతున్నారట. కానీ ఎవరూ ఆమెతో కబుర్లాడటం లేదు. ఎందుకని పారమ్మను అడిగితే తల దించుకుంది.

"నవ్విత్తే మల్లీ కొలత పడిపోద్దేమోనని," అంది. "ఎవులూ ఏటీ అననేదు. అందరికీ అదే తోసింది."

పారమ్మకు గౌరీసు సంగతి తెలియదు. అయినా ఆమెకూ అదే తోచింది. మా ఊరి మీద నాకున్న చివరి భ్రమ ఆ పూట పోయింది.

నమోదు 239

ఈరోజు పొద్దుగూకేముందు దిబ్బ దగ్గరికి వెళ్ళాను. దాలమ్మ గుంటలో మోకాళ్ళ మీద ఉంది. పార విరిగినట్టుంది, చేతులతో తోడుతోంది. గోళ్ళ చుట్టూ తోలు లేచిపోయింది. నేను ఇంకా దూరంగా ఉండగానే తల తిప్పింది.

"దాలమ్మా, తవ్వకు. గౌరీసు బతికే ఉన్నాడు. మొదటి పంపు కాడున్నాడు. నాను సూసినాను."

ఆమె చేతులు ఆగాయి. నేను అంతా చెప్పాను. ఉలికిపాటు గురించి, నా కాగితం గురించి, అతనికి చెప్పిన అబద్ధం, ఆమెకు చెప్పిన అబద్ధం. ఆమె అరుస్తుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"ఎవులెవులికి తెల్సు?" అంది.

"పెసిడెంటుకి. సంఘం నలుగురికి. నాకు."

"నీకెప్పటికాడినుంచి?"

"మూడు ఆటల ముందునుంచి."

ఆమె తల ఊపింది, లెక్క సరిపోయినట్టు. గుంటలోంచి లేచి చేతులు చీరకు తుడుచుకుంది.

"పద, నాను తీసుకెల్తాను. బండి అడుగుతాను. ఇప్పుడే ఆడికాడికి పోదాం," అన్నాను.

"ఎందుకు?" అంది. "బతికున్నాడు గదా. రావాలంటే దారుంది." విరిగిన పార చేతిలోకి తీసుకుంది. "నానైతే అడిగుందును. వొద్దన్నావా అని ఒక్కపాలి వొచ్చి అడిగుందును."

ఊరివైపు నడిచింది. నేను ఆమె వెనక నడవబోతే ఆగి, పక్కకు జరిగి, నన్ను ముందు పొమ్మంది.

నమోదు 240

చివరి ఆటకు ముందు కొలత. దాలమ్మ రాదనుకున్నాను. వచ్చింది. నేరుగా కుర్చీలో కూర్చుంది. పట్టీ కడుతుంటే లీగు మనిషి చేతుల్ని, ఆ తర్వాత నా చేతుల్ని, ఆ తర్వాత గుమ్మంలో నిలబడ్డ ప్రెసిడెంటు చేతుల్ని చూసింది.

ఉలికిపాటు తొంభై ఏడు. లీగు మనిషి పట్టీ విప్పి మళ్ళీ కట్టి చూశాడు. అదే అంకె. ఆరు ఊళ్ళలో ఇంత కొలత ఎప్పుడూ చూడలేదన్నాడు.

పోలినాయుడు గారు బయటికి వచ్చి మీసం తడుముకున్నాడు. "గెలిసేసినట్టే," అన్నాడు.

ఆమెకు నిజం తెలుసన్న మాట నేను ఆయనకు చెప్పలేదు.

నమోదు 241

ఇనపమెట్టతో చివరి ఆట. హాలు గోడ నిండా మైదానం, గోడ కింద ఊరు ఊరంతా. పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకున్నారు. దాలమ్మ రాలేదు.

ఆట మొదలవగానే అందరి నీడలూ ఎదుటి జట్టువైపు తిరిగాయి. దాలమ్మ నీడ తిరగలేదు. మా గోలువైపు మొహం పెట్టి నిలబడింది.

జనం నవ్వారు. ఏదో ఎత్తు అనుకున్నారు. ఇనపమెట్ట ముందు వరుస బంతి పట్టుకుని ఆమె పక్కనుంచి పోయింది. ఆమె వాళ్ళవైపు చూడనైనా లేదు. బంగారయ్య నీడ ఎదురువెళ్ళి వాళ్ళ కాళ్ళలోంచి బంతిని ఊడలాగింది, అచ్చం ఎప్పటిలాగే. అప్పుడు కదిలింది ఆమె. బంగారయ్య బంతిని ఎక్కడికి తన్నబోతున్నాడో అతనికంటే ముందు తెలిసినట్టు వెళ్ళి అడ్డంగా నిలబడింది. బంతి ఆమెకు తగిలి వెనక్కి పోయింది, ఇనపమెట్టవాడి కాళ్ళ దగ్గరికి. గోల్.

ఆట పొడుగునా అంతే. మా గోల్‌కీపర్ చెయ్యెత్తితే ఆమె ఉలిక్కిపడింది. మా వెనక వరుసలో ఎవరు కదిలితే వాళ్ళకు అడ్డం నిలిచింది. ఒక్కటీ తప్పిపోనివ్వలేదు. ఆమె అంత బాగా ఆడటం నేనెప్పుడూ చూడలేదు. మా మీద ఆడింది.

ఐదు గోల్స్ పడ్డాయి. మూడో గోలు తర్వాత భుజాల మీది పిల్లల్ని దించేశారు.

ఒక ఎండాకాలమంతా కూర్చుని లెక్కలు కట్టినవాణ్ణి. ఇంత చిన్న సంగతి నా లెక్కలో పడలేదు. డిఫెండర్ ముందుకు చూడగలిగేది వెనకున్నవాళ్ళను చూడాల్సిన పని లేదు కాబట్టి. ఇన్నేళ్ళూ దాలమ్మ సముద్రానికి భయపడింది గాని మాకు భయపడలేదు. ఆ గుణానికి పట్టికలో గడి లేదు. ఉందేమోనని నేనూ వెతకలేదు.

ప్రెసిడెంటు నా పక్కకు వచ్చాడు. పెదాలు తెల్లబడి ఉన్నాయి. "యంత్రం సెడిపోనాదా?"

"లేదండి. బాగానే పనిసేసింది."

ఆయన నన్ను చూశాడు. అర్థమైంది. "నువ్వు సెప్పేసినావు."

"అవునండి."

ఆయన గోడ మీద ఆరిపోతున్న మైదానాన్ని చూస్తూ, చేతులు కట్టుకుని, ముసలివాడిలా నిలబడిపోయాడు.

నమోదు 244

కుళాయి పొద్దున కాసేపు ఉమ్మి పోసినట్టు పోసి ఆగిపోతోంది. జరిగిందంతా బయటపడింది. ఊరిలో సగం మంది దాలమ్మను తిడుతున్నారు. మిగతా సగం నన్ను. ఇద్దరినీ తిట్టనివాళ్ళు సామాన్లు సర్దుకుంటున్నారు. పారమ్మ నాతో మాట్లాడటం లేదు. నీళ్ళు పోయినందుకా, మూడు ఆటలు దాచినందుకా అని అడిగాను.

"రెండూనూ," అంది. అదే మొదటి మాట, అదే చివరిది.

గొట్టం వెంట వేసిన ఫోనులో మొదటి పంపుకు కబురు చేసి గౌరీసుకు నిజం చెప్పాను.

నమోదు 246

గౌరీసు నడిచి వచ్చాడు. నేను దాలమ్మ ఇంటి బయటే ఉన్నాను, లోపలికి వెళ్ళే మొహం లేక. తలుపు తీసే ఉంది. అతను గుమ్మంలో ఆగిపోయాడు.

"నువ్వొద్దన్నావని సెప్పినారు," అన్నాడు.

"నువ్వు సచ్చిపోనావని సెప్పినారు," అంది లోపలినుంచి. "నాను నమ్మనేదు. ఎముకైనా సూడాలని తవ్వినాను."

"నాను నమ్మీసినాను, దాలమ్మా."

"అవును."

"మనసిరిగిపోనాది. మొహం ఎలగ సూపించాలో తెల్లేదు."

"తెల్సు. నీ తప్పని అననేదు నాను." ఆమె గొంతు మెత్తగానే ఉంది. "నీ గురక వింటే మల్లీ నిద్దరొత్తాదేమో నాకు తెల్లేదు. రాపోతే నువ్వేటి సేత్తావు?"

అతను గుమ్మంలోనే కూర్చున్నాడు, ఆమెకు వీధి కనిపించేలా కాస్త పక్కకు జరిగి.

నమోదు 249

ఈ పొద్దున వాళ్ళిద్దరూ ఊరు విడిచి వెళ్ళారు. ఉత్తరాన గొట్టం లేని చోట, ఇసకలో చెలమలు తవ్వుకుని బతికేవాళ్ళున్నారట. ఆట లేదు, కొలత లేదు. ఉన్నంత నీళ్ళు తోడుకోవడం, లేని రోజు పస్తుండటం.

ఎవరూ సాగనంపడానికి రాలేదు. తలుపుల వెనక నిలబడి చూశారు. నేను గట్టు చివరిదాకా వెళ్ళాను. గౌరీసు మూట నెత్తిన పెట్టుకుని ఆమె వెనక నడవబోయాడు.

"నువ్వు ముందు నడు," అంది. "నా ఎనకాల ఎవులూ వొద్దు."

అతను ముందుకు వెళ్ళాడు. వాళ్ళు కాస్త దూరం పోయాక నేనూ నాలుగడుగులు వేశాను, ఏదో ఒక మాట అనాలని. ఏ మాటో నాకే తెలియదు. ఆమె చటుక్కున వెనక్కి తిరిగింది. నా చేతులవైపు చూసింది. చూస్తూనే వెనక్కి అడుగులు వెయ్యడం మొదలుపెట్టింది. ఇసకలో కాళ్ళు దిగబడుతున్నాయి, మడమ కింద రాయి తగిలి ఒకసారి తూలింది, అయినా నా మీదనుంచి చూపు తిప్పలేదు. అలా ఎంత దూరమైనా నడిచేట్టుంది.

నేను ఆగిపోయాను. చేతులు కనపడేలా పక్కకు చాపి నిలబడ్డాను. అప్పటికీ ఆమె తిరగలేదు. ఇక చెయ్యగలిగింది ఒకటే. వీపు తిప్పి ఊరివైపు నడిచాను. గట్టు దిగి నేను కనుమరుగైతే గాని ఆమె ముందుకు చూసి నడవదు.